కళ్లెదుటే ఉన్నా కనబడదెందుకు?

క్రాన్‌బర్న్ పొదల నుంచి క్రూగర్ దారుల దాకా: అడవి జంతువును పసిగట్టడం వెనకున్న విజ్ఞానం

మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా క్రాన్‌బర్న్‌లో ఉన్న రాయల్ బొటానిక్ గార్డెన్స్‌కు ఆదివారం వెళ్తే, స్ట్రింగీబార్క్ పిక్నిక్ స్థలం దగ్గర పులిహోర డబ్బాలు విప్పుకున్న కుటుంబాలు కూడా కనిపిస్తుంటాయి. అక్కడ ఇలాంటి మాటలు తరచూ చెవిన పడతాయి.

"అదిగో నాన్నా, వాలబీ!"

"ఎక్కడమ్మా?"

"ఆ ఫెర్నుల పక్కనే. సరిగ్గా చూడు."

"ఎండిన మొద్దు తప్ప ఏమీ లేదే."

కాసేపటికి ఆ మొద్దు చెవి ఆడిస్తుంది. నాన్న ఉలిక్కిపడతాడు. అసలు వింత ఆ తర్వాతే. ఒక్కసారి వాలబీ కనబడ్డాక, అది మళ్లీ మొద్దులా కనిపించమన్నా కనిపించదు. పైగా పక్క పొదలో ఉన్న రెండో వాలబీ కూతురికంటే ముందు ఆయనకే కనబడుతుంది. వెలుగు మారలేదు. కళ్లద్దాలు మారలేదు. మరి మారిందేమిటి?

ఆఫ్రికాలో సొంతంగా కారు నడుపుకుంటూ సఫారీ చేద్దామనుకునే వాళ్లకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. మెల్‌బోర్న్ తెలుగువాళ్లకు ఆ ప్రయాణం అందని పండేమీ కాదు. దక్షిణాఫ్రికాలో, నమీబియాలో మనకు అలవాటైనట్టే రోడ్డుకు ఎడమవైపు నడపాలి. విక్టోరియా బడులకు జూన్, జూలై సెలవులు వచ్చేసరికి అక్కడ వానల్లేని కాలం. గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు 1926లో ఏర్పడింది. మరుసటి ఏడాది నుంచే సందర్శకుల కార్లను లోపలికి రానిస్తున్నారు. దాని విస్తీర్ణం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కలిపినంత. అంత మేర తిరుగుతున్నప్పుడు మీ కారులో గైడు ఉండడు. జీపు సఫారీలో గైడు కళ్లతో చూస్తాం, ఇక్కడ ఉన్నవి మన కళ్లే. అందుకే అంత ఖర్చు పెట్టి వెళ్లినవాళ్లలో కొందరు ఏనుగులనూ జిరాఫీలనూ చూసి, చిరుతపులి పక్కనుంచే దాటిపోయి వస్తారు.

ఇది చూపు పదునుకు సంబంధించిన సంగతి కాదు. కన్నూ మెదడూ ఎక్కడ మోసపోతాయో తెలుసుకుని, అక్కడ జాగ్రత్తపడటం. సాధనతో వచ్చే విద్య ఇది. క్రాన్‌బర్న్‌లో పైసా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు. ఆఫ్రికా టికెట్లు కొన్నవాళ్లు ముందు కొన్ని ఆదివారాలు ఈ తోటలో గడపాలని నేను గట్టిగా చెబుతాను.

కంటికి స్పష్టంగా అందేది గోరంత

చెయ్యి చాచి బొటనవేలి గోరు వంక చూడండి. ఏ క్షణంలోనైనా మన కంటికి నిజంగా స్పష్టంగా కనబడే జాగా సుమారు ఆ గోరంత. మిగతా దృశ్యమంతా మసకే. అంతా ఒకేసారి స్పష్టంగా కనబడుతోందని అనిపించడం మెదడు చేసే సర్దుబాటు. కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు ఒకచోటి నుంచి మరోచోటికి దూకుతుంటుంది. ఆ ముక్కలన్నీ కలిపి మెదడు ఒక బొమ్మ కుడుతుంది. చూపు పడని చోట్లను ఊహతో నింపుతుంది. పొదలో చూపు పడని చోట మెదడు నింపేది ఏమిటి? ఇంకాస్త పొద!

దీనికి కారణం రెటీనా నిర్మాణంలో ఉంది. దాని నడిమధ్య చిన్న గుంటలో రంగులూ వివరాలూ పట్టే శంకు కణాలు ఒత్తుగా ఉంటాయి. ఒక కంటిలో ఇవి మొత్తం నలభై అయిదు లక్షల పైచిలుకు. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు దాదాపు తొమ్మిది కోట్లు. అవి ఆ గుంట చుట్టూ పరుచుకుని ఉంటాయి తప్ప గుంట మధ్యలో ఒక్కటీ ఉండదు. కనుక సందెవేళ ఒక నీడ వంక సూటిగా చూస్తే అది మాయమవుతుంది. కాస్త పక్కకు చూపు పెడితే మళ్లీ తేలుతుంది.

పొద మీద చూపును జర్రున జార్చుకుంటూ పోతే ఏమీ దొరకదు. కన్ను దూకే క్షణాల్లో మెదడుకు బొమ్మ అందదు. ఒకచోట ఆపాలి, చూడాలి, ఆ పక్క చోటికి వెళ్లాలి. అనుభవమున్న గైడ్లు చేసేది ఇదే. మనకంటే తక్కువ చోట్లు చూస్తారు, చూసినచోట ఎక్కువసేపు ఆగుతారు.

మనసులో బొమ్మ

ఇప్పుడు నాన్నకు రెండో వాలబీ ఎందుకు తొందరగా కనబడిందో చూద్దాం. డచ్ శాస్త్రవేత్త లూక్ టిన్‌బర్గెన్ పైన్ అడవుల్లో చిన్న పక్షులు పురుగుల్ని ఎలా ఏరుకుంటాయో పరిశీలించాడు. ఆయన పోయాక, 1960లో ఆ పరిశోధన అచ్చయింది. ఒక కొత్త రకం గొంగళిపురుగు చెట్ల మీద కనబడటం మొదలైనప్పుడు పక్షులు మొదట్లో దాన్ని దాదాపు పట్టించుకోవు. పురుగుల సంఖ్య కొంచెం పెరిగి, అవి కొన్నిసార్లు ఎదురుపడేసరికి పక్షులు ఒక్కసారిగా వరసపెట్టి పట్టడం మొదలుపెడతాయి. పక్షి మనసులో ఆ పురుగు బొమ్మ ఏర్పడుతుందనీ, అప్పటినుంచి కన్ను ఆ బొమ్మకు సరిపోయేదాన్నే గాలిస్తుందనీ టిన్‌బర్గెన్ ప్రతిపాదించాడు.

సికింద్రాబాద్ స్టేషన్ జనంలో అత్తయ్యను వెతుకుతున్నాం అనుకోండి. పసుపు చీర కట్టుకుందని తెలిస్తే కన్ను వేలమందిని దాటేసి పసుపు మీదే ఆగుతుంది. ఆవిడ చీర మార్చుకుని వస్తే? మన పక్కనుంచే నడిచిపోయినా గుర్తించం.

1979లో అలెగ్జాండ్రా పైట్రెవిచ్, అలాన్ కమిల్ దీన్ని ప్రయోగశాలలో పరీక్షించారు. చెట్టు బెరడు మీద దాగిన చిమ్మటల ఫొటోలను నీలి జే పక్షులకు చూపించారు. చిమ్మట ఉన్న ఫొటోను గుర్తించి పొడిస్తే తిండి దొరుకుతుంది. ఒకే జాతి చిమ్మటను వరసగా చూపించినప్పుడు పక్షులు చూస్తూ చూస్తూ మెరుగుపడ్డాయి. రెండు జాతుల్ని కలగలిపి చూపినప్పుడు ఆ మెరుగు రాలేదు. ఒక సమయంలో ఒక బొమ్మే బాగా నిలుస్తుందన్నమాట.

దీనికి మనం చెల్లించే మూల్యం కూడా ఉంది. 2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమంది. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మ దూర్చారు. అది మామూలు గడ్డకు 48 రెట్లు పెద్దది. ఇరవై మంది దాన్ని చూడలేదు. ఆ ఇరవై మందిలో సగానికి పైగా సూటిగా గొరిల్లా వంకే చూశారని చూపును నమోదు చేసే పరికరం చెప్పింది. సింహం కోసమే చూస్తూ పోయే కారుకు చిరుత తప్పిపోవడంలో ఆశ్చర్యమేముంది? కారులో నలుగురుంటే నలుగురూ ఒకే జంతువు కోసం వెతక్కండి. ఒకరు చెట్ల కొమ్మలు, ఒకరు నేల, ఒకరు దూరపు గడ్డి పంచుకోండి. పిల్లలకు చిన్న పక్షుల బాధ్యత ఇస్తే పెద్దలకు ఎప్పుడూ కనబడనివి పట్టుకొస్తారు.

మరో మాట. బొమ్మ అంటే పుస్తకంలో పక్కనుంచి తీసిన నిండు ఫొటో కాదు. పొదలో జంతువు అలా నిలబడి కనిపించదు. ఒక చెవి, తోక కొస, కంటి తడి మెరుపు, గడ్డి పైకి లేచిన వీపు ముక్క కనిపిస్తాయి. మనసులో నింపుకోవాల్సింది ఈ ముక్కల్నే.

ఒంటిరంగు చేసే మాయ

మన కన్ను ఇలా తడబడుతుంటే, అవతల జంతువు ఒళ్లు కోట్ల ఏళ్ల పరిణామంలో ఆ తడబాటుకు తగ్గట్టే తయారైంది. ఇందులో కనీసం మూడు రకాల మాయలున్నాయి.

మొదటిదాన్ని వివరించినవాడు శాస్త్రవేత్త కాదు, చిత్రకారుడు. అమెరికాకు చెందిన అబట్ థేయర్ 1896లో దీని గురించి రాశాడు. కాగితం మీద గుండ్రటి బంతి గీయాలంటే ఏం చేస్తాం? పైభాగం లేతగా, అడుగు ముదురుగా వేస్తాం. వెలుగు పైనుంచి పడుతుంది, కింద నీడ ఉంటుంది కనుక, ఆ తేడా చూసి మెదడు దాన్ని ఉబ్బెత్తు వస్తువుగా గుర్తిస్తుంది. జంతువుల ఒంటిమీద రంగు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఇంపాలా జింకను దగ్గరగా చూడండి. వీపు మీద ఎర్రటి గోధుమరంగు, డొక్కల మీద లేత గోధుమ, పొట్ట కింద తెలుపు. ఎండ వీపును లేతబరుస్తుంది, నీడ పొట్టను ముదురుబరుస్తుంది, రెండూ కొట్టుకుపోయి ఒళ్లంతా ఒకే మట్టిరంగు పలకలా కనబడుతుంది. నల్లమల దుప్పిదీ ఇదే పద్ధతి.

రెండోది అంచును విరగ్గొట్టడం. మెదడు ముందుగా వెతికేది వస్తువు అంచుల్ని. దృశ్యంలోని గీతలకూ అంచులకూ స్పందించే నాడీకణాలను 1950ల చివర్లో గుర్తించిన డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్‌లకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒంటిమీది మచ్చలూ పట్టీలూ సరిగ్గా అంచు దగ్గరే తెగితే, శరీరం ఆకారం ముక్కలైపోతుంది. 2005లో బ్రిస్టల్‌లో ఇన్నెస్ కట్‌హిల్ బృందం దీన్ని తేలిగ్గా పరీక్షించింది. కాగితంతో చిమ్మట ఆకారాలు కత్తిరించి, ఒక్కోదాని కింద ఒక పురుగును పెట్టి, ఓక్ చెట్లకు గుచ్చారు. రంగులు అవే. తేడా ఒక్కటే: కొన్నింటికి మచ్చలు అంచును తాకుతున్నాయి, కొన్నింటికి లోపలే ఉన్నాయి. అంచు తెగినవాటిని పక్షులు తక్కువగా పట్టుకున్నాయి.

మూడోది వేషం. మెల్‌బోర్న్ శివార్లలో టానీ ఫ్రాగ్‌మౌత్ అనే పక్షి ఉంది. గుడ్లగూబలా ఉంటుంది కానీ గుడ్లగూబ కాదు. పగలు విరిగిన కొమ్మలా నటిస్తుంది. మనుషులు దగ్గరికొస్తే ఎగిరిపోదు. మెడ సాచి, ముక్కు వాలుగా పైకెత్తి, ఈకలు ఒంటికి అదుముకుని, కళ్లు సన్నటి చీలికల్లా మూసి బిగుసుకుపోతుంది. బూడిదరంగు ఈకల మీద నల్లగీతలు అచ్చం బెరడు పగుళ్లే. ముక్కు చుట్టూ ఉన్న గరుకు ఈకలు కొమ్మ విరిగినచోట లేచిన పీచులా ఉంటాయి. దాన్ని పట్టుకునే దారి ఒకటే. చెట్టులో ప్రతి విరిగిన కొమ్మనూ అనుమానించాలి. కొమ్మ విరిగినచోట లావు ఒక్కసారిగా మారి, పక్కనే అంతే లావు మరో మొండి కనిపిస్తే అక్కడ ఆగండి. చాలాసార్లు అవి జంటగా కూర్చుంటాయి.

ఇక్కడ పులి సంగతి చెప్పకపోతే నల్లమల పాఠకులు ఊరుకోరు. మన కంటికి నారింజరంగులో భగ్గుమనే జంతువు పచ్చటి అడవిలో ఎలా దాక్కుంటుంది? అది దాక్కోవాల్సింది మన నుంచి కాదు. దుప్పికీ కణితికీ రెండు రకాల శంకు కణాలే ఉంటాయి, మనకు మూడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా వాటికి తెలియదు కనుక పులి వాటికి ఆకుల రంగులోనే కనిపిస్తుంది. పాలిచ్చే జంతువుల వెంట్రుకలకు ఆకుపచ్చ రంగు తయారుచేసుకునే ఏర్పాటు లేదు. నారింజ రంగు ఆ లోటు తీర్చింది. 2019లో జాన్ ఫెన్నెల్ బృందం కంప్యూటర్ నమూనాలతో దీన్ని పరీక్షించి చూపించింది. జీబ్రా చారల గురించి అమాండా మెలిన్ బృందం 2016లో ఇలాంటి లెక్కే వేసింది. పగలు 50 మీటర్లు, సందెవేళ 30 మీటర్లు దాటితే సింహం కంటికి ఆ చారలు విడివిడిగా కనిపించవు. చారలు సింహాన్ని ఏమార్చడానికే అన్న పాత మాట దీంతో బలహీనపడింది. కుట్టే ఈగల్ని దూరంగా ఉంచడానికన్న వాదనకే ఇప్పుడు ఎక్కువ ఆధారాలున్నాయి.

మూడు రంగుల కన్ను మనకున్న గొప్ప వరం. కానీ ఎండుగడ్డిలో పడుకున్న సింహం దగ్గర ఆ వరమూ పనిచేయదు. అక్కడ రంగును వదిలి గీతను పట్టుకోవాలి. అడవిలో మానులు నిలువు, గడ్డి నిలువు. నిలువు గీతల మధ్య అడ్డగీత కనబడితే అది పడిన చెట్టో, జంతువు వీపో అయ్యుండాలి. చిరుతకు ఈ సూత్రం తిరగబడుతుంది. అడ్డంగా సాగిన లావుపాటి కొమ్మ కింద నిలువుగా వేలాడే గీత కోసం చూడాలి. అది తోక.

బాక్సు: క్రాన్‌బర్న్‌లో శీతాకాలపు ఎండ

తెల్లవారుజామున, సాయంత్రం వెళ్లమని సఫారీ పుస్తకాలన్నీ చెబుతాయి. ఎండకు జంతువులు నీడ పట్టుకుంటాయన్నది ఒక కారణం. రెండో కారణం థేయర్ చెప్పినదాంట్లోనే ఉంది. వీపు ముదురు, పొట్ట లేత అనే ఏర్పాటు ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు బాగా నప్పుతుంది. వెలుగు పక్కనుంచి పడితే డొక్క వెలుగుతుంది, వెనకవైపు నీడ పడుతుంది, పలక మళ్లీ ఉబ్బెత్తు జంతువైపోతుంది.

క్రాన్‌బర్న్ 38 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. జూన్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 29 డిగ్రీల ఎత్తుకు చేరడు. తోట ఉదయం తొమ్మిదికి తెరిచి అయిదుకు మూసేస్తారు కనుక వేసవిలో మంచి వెలుగు గంటలు గేటు బయటే గడిచిపోతాయి. శీతాకాలంలో మాత్రం తెరిచి ఉన్నంతసేపూ వెలుగు ఏటవాలుగానే పడుతుంది. చలికి జడిసి ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఏడాదిలో మంచి రోజుల్ని పోగొట్టుకుంటున్నారు.

దక్షిణార్ధగోళంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఎండను వీపుకు పెట్టి దక్షిణం వైపు చూస్తే రంగులు తెలుస్తాయి. ఎండకు ఎదురుగా చూస్తే రంగులు పోతాయి గానీ వాలబీ పలచటి చెవుల్లోంచి వెలుగు దూరి అవి ఎర్రగా మెరుస్తాయి. పొదలో ఇంకేదీ అలా మెరవదు.

కారు ఆపాలా, నడపాలా?

కదలిక ముందు ఏ వేషమూ నిలవదు. ఎంత బాగా దాగిన జంతువైనా ఒక్క అంగుళం కదిలితే, దాని ముక్కలన్నీ ఒకే దిశలో ఒకే వేగంతో కదులుతాయి. విడివిడి మచ్చలుగా ఉన్నవాటిని మెదడు వెంటనే ఒకే వస్తువుగా కట్టేస్తుంది. ఇందులో చూపు అంచులు మహా చురుకు. ఫెర్నుల్లో వాలబీ చెవి నాన్న చూపు చివర్లో ఆడినా సరే, కన్ను అటు తిరిగింది.

కారు నడుస్తున్నప్పుడు ఈ శక్తి దెబ్బతింటుంది. దృశ్యమంతా వెనక్కి పారుతుంటుంది, ఆ పారుదలలో ఒక చెవి కదలిక కలిసిపోతుంది. అయితే మెల్లగా సాగే కారుకు వేరే లాభం ఉంది. దగ్గరి ఆకులు వేగంగా, దూరపువి నిదానంగా జరుగుతాయి కనుక పొద పొరలు పొరలుగా విడిపోతుంది. ముందు పొరలో లేనిది వెనక పొరలో బయటపడుతుంది. కాబట్టి దట్టమైన పొదల పక్కన మెల్లగా సాగాలి, తెరపిగా ఉన్నచోట ఆపి చూడాలి. క్రూగర్‌లో తారురోడ్డు మీద గంటకు 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. అది జంతువులు కారు కింద పడకుండా పెట్టిన హద్దు. చూడటానికి వెళ్లినవాళ్లకు అందులో సగం చాలు.

ఆపాక ఇంజను కూడా ఆపండి. జంతువులు మనల్ని చూసి మొదట బిగుసుకుపోతాయి. అంత కష్టపడి కనిపెట్టిన చోటు నుంచి చాలామంది నిమిషంలో కదిలిపోతారు. అయిదు నిమిషాలు కూర్చుంటే పొద మళ్లీ తన పనిలో పడుతుంది.

కారు వల్ల మరో మేలుంది. తరతరాలుగా కార్లను చూస్తూ పెరిగిన క్రూగర్ సింహాలకు కారు తినేదీ కాదు, తమను తినేదీ కాదు. అదే కారులోంచి మనిషి నడుం దాకా బయటికి వంగితే ఆ ఆకారం విరిగి మనిషి ఆకారం బయటపడుతుంది. ఆ క్షణంలో జింక పారిపోతుంది, ఏనుగు చెవులు చాస్తుంది. కేటాయించిన చోట్ల తప్ప కారు దిగకూడదన్న నియమాన్ని ఫొటో కోసం కూడా మీరకండి. క్రాన్‌బర్న్ తోటలో కుక్కల్ని అనుమతించకపోవడానికీ కారణం ఇలాంటిదే. నడిచే మనిషికి కొంత అలవాటుపడ్డ వాలబీ, కుక్క వాసన తగిలితే నిలవదు.

చెవితో వెతకడం

నల్లమలలో పులిని ముందు చూసేది మనిషి కాదు. కొండముచ్చు చెట్టు మీదనుంచి దగ్గినట్టు అరుస్తుంది, దుప్పి కీచుమంటుంది. అడవి తెలిసిన చెంచులు ఆ అరుపు ఎటు కదులుతోందో విని పులి ఎటు నడుస్తోందో చెప్పగలరు. క్రూగర్‌లో ఇంపాలాలు ముక్కుతో చీదినట్టు శబ్దం చేసి, అన్నీ ఒకే దిక్కుకు తలలు తిప్పి నిలబడతాయి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. అరిచే జింకనే చూస్తారు. చూడాల్సింది అది చూస్తున్నవైపు.

పక్షుల అరుపులు మరీ ఆసక్తికరం. క్రాన్‌బర్న్ తోటలో దారి పక్కనే గెంతుతూ కనిపించే నీలితల చిన్నపిట్ట సూపర్బ్ ఫెయిరీరెన్. ఇది ఇతర జాతుల హెచ్చరికల్ని కూడా అర్థం చేసుకుంటుంది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో రాబర్ట్ మెగ్రాత్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ పిట్టలు ఎన్నడూ వినని ఒక శబ్దాన్ని, వాటికి తెలిసిన పక్షుల హెచ్చరికలతో కలిపి వినిపించారు. తర్వాత ఆ కొత్త శబ్దం ఒక్కటే వినిపించినా అవి పొదల్లోకి పారిపోయాయి. శత్రువును చూడకుండానే, పక్కవాళ్ల కేకలు విని నేర్చుకున్నాయి. ఒక పిట్ట నేర్చుకోగలిగింది మనమూ నేర్చుకోవచ్చు. నాయిజీ మైనర్ పక్షులు, మ్యాగ్‌పైలు ఒక చెట్టు చుట్టూ మూగి గోల పెడుతుంటే ఆ చెట్టులో గుడ్లగూబో గద్దో ఉందేమో చూడండి. గోల నేలకేసి ఉంటే అడుగు జాగ్రత్త, పాము కావచ్చు.

రెండు గంటలు ఏమీ కనబడకపోతే

అలసటకంటే దొంగదైన శత్రువు ఇంకొకటుంది. బోస్టన్‌లో జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో, విమానాశ్రయ తనిఖీలను పోలిన బొమ్మల్లో ఒక వస్తువును వెతికించింది. సగం బొమ్మల్లో ఆ వస్తువు ఉన్నప్పుడు జనం నూటికి 7 సార్లు తప్పారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 సార్లు తప్పారు. కళ్లు అవే, వస్తువు అదే. అరుదైనదాన్ని 'లేదు' అనుకుని వదిలేయడానికి మెదడు తొందరపడుతుంది.

సఫారీలో చిరుత సరిగ్గా అలాంటి అరుదైన వస్తువు. విరుగుడు కూడా వుల్ఫ్ పరిశోధనల్లోనే దొరికింది. మధ్యమధ్యలో కాసేపు, తరచూ దొరికేవాటిని వెతికించి, ఒప్పో తప్పో వెంటనే చెబితే తప్పులు తగ్గాయి. కనుక పెద్ద జంతువులు దొరకని వేళ హార్న్‌బిల్ పక్షికీ తాబేలుకూ ముంగిసకూ ఆగండి. కాలం వృథా అవుతోందని విసుక్కోవద్దు. 'ఉంది, కనబడింది' అన్న అలవాటు కంటికి పోకుండా ఉంచేవి అవే.

బాక్సు: టార్చి వెలుగులో కళ్లు

పిల్లి, ఎర్రనక్క, ఆవు, జింక లాంటి జంతువుల రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. మొదటిసారి కణాలు పట్టుకోని వెలుగును అది వెనక్కి తిప్పి రెండో అవకాశం ఇస్తుంది. అప్పటికీ మిగిలిన వెలుగు కంట్లోంచి బయటికొచ్చి మెరుపుగా కనబడుతుంది. మనకు ఆ పొర లేదు.

ఆ వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. కాబట్టి టార్చి నడుం దగ్గర పట్టుకుంటే ఏమీ కనబడదు, కణత పక్కన కంటి ఎత్తులో పట్టుకోవాలి. క్రాన్‌బర్న్ ఇళ్ల పెరట్లో ఇలా చేసి చూడండి. కంచె మీద పాసమ్ కళ్లు ఎర్రటి నిప్పుల్లా మెరుస్తాయి. గడ్డిలో మంచుబిందువుల్లా మెరిసేవి సాలెపురుగు కళ్లు కావచ్చు. తోడేలు సాలీడుకూ ఆ పొర ఉంది. కళ్ల మీద వెలుగు నిలిపి ఉంచకండి, చీకటికి అలవాటుపడ్డ కన్ను తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. క్రూగర్‌లో పొద్దుగూకేలోగా కార్లన్నీ శిబిరం గేటు లోపలికో పార్కు బయటికో చేరాలి, కాబట్టి అక్కడ ఈ పని శిబిరం కంచె లోపలినుంచే.

కనబడలేదంటే లేనట్టా?

క్రాన్‌బర్న్ తోటకు అసలైన పేరు తెచ్చిన జంతువు వాలబీ కాదు, సదరన్ బ్రౌన్ బాండికూట్. చూడగానే మన పందికొక్కు గుర్తొస్తుంది. ముదురు గోధుమరంగు గరుకు వెంట్రుకలు, గుండ్రటి పొట్టి చెవులు, పొట్టి తోక, సన్నగా సాగిన ముట్టె. కానీ ఇది ఎలుకల జాతి కాదు, కంగారూలా సంచిలో పిల్లల్ని పెంచేది. తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. మేత కోసం ముందుకాళ్లతో నేల తవ్వి ముట్టె దూరుస్తుంది, అక్కడ గరాటు ఆకారంలో చిన్న గుంట మిగులుతుంది. దీని దగ్గరి బంధువు, పశ్చిమ ఆస్ట్రేలియాలోని క్వెండా, ఒక్కొక్కటి ఏడాదికి దాదాపు 3.9 టన్నుల మట్టి తిరగేస్తుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ గుంటల్లో నీరింకుతుంది, ఆకులు కుళ్లుతాయి, గింజలు పడి మొలుస్తాయి.

వలసవచ్చినవాళ్లు తెచ్చిన ఎర్రనక్కలూ పిల్లులూ వీటిని చాలాచోట్ల తుడిచిపెట్టాయి. ఆస్ట్రేలియా కేంద్ర చట్టం కింద ఇప్పుడిది అంతరించే ముప్పున్న జంతువు. 363 హెక్టార్ల తోట దీనికొక కోట. తోట బయట, క్రాన్‌బర్న్ నుంచి కూవీరప్ వైపు, కాలువల గట్ల మీదా పొదల్లోనూ కొన్ని బతుకుతున్నాయి. అదే నేల మీద కొత్త కాలనీలు లేస్తున్నాయి, వాటిలో మనవాళ్ల ఇళ్లూ ఉన్నాయి. ఒక స్థలంలో ఇళ్లు కట్టేముందు అక్కడ బాండికూట్ ఉందా లేదా అన్న ప్రశ్నకు ఎవరో జవాబు చెప్పాలి. అప్పుడు ఇంతసేపూ చెప్పుకున్న కంటి పొరపాట్లన్నీ ఒక జాతి బతుకుకు సంబంధించిన పొరపాట్లవుతాయి.

పులి విషయంలో ఈ చిక్కును ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో విడదీశారు. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. దారుల్లో కెమెరా ట్రాప్‌లు పెట్టి, ఏ పులి ఎన్నిసార్లు మళ్లీ పడిందో చూస్తే, అసలు కెమెరాకు చిక్కనివి ఎన్ని ఉండొచ్చో లెక్క తేలుతుంది. 1995లో ఆయన ప్రచురించిన ఆ పద్ధతే తర్వాత పులుల గణనకు దారి చూపింది. దాక్కోవడానికి పుట్టిన చారలే పులికి చిరునామా అయ్యాయి.

బాండికూట్‌కు చారలు లేవు, ఒకదాన్ని మరొకదాని నుంచి ఫొటోలో విడదీయలేం. అందుకు వేరే దారి ఉంది, 2002లో డారిల్ మెకెంజీ బృందం దాన్ని చక్కగా రూపుదిద్దింది. ఒకే చోటును మళ్లీ మళ్లీ చూడాలి, ప్రతిసారీ కనబడిందా లేదా రాసుకోవాలి. ఒక స్థలంలో జంతువు ఉంటే కెమెరాకు చిక్కే అవకాశం రాత్రికి మూడింట ఒకటి అనుకుందాం. అప్పుడు మొదటి రాత్రి చిక్కకపోవడమే సహజం. వరసగా అయిదు రాత్రులు తప్పించుకునే అవకాశం సుమారు ఎనిమిదింట ఒకటి. పది రాత్రులకు అది నూటికి రెండు కంటే తక్కువ. ఒక్క రాత్రి చూసి 'లేదు' అని రాస్తే అది ఊహ. పది రాత్రులు చూసి 'లేదు' అని రాస్తే, ఎంత నమ్మకంతో రాస్తున్నామో కూడా పక్కన రాయొచ్చు.

కెమెరాతోపాటు నేలనూ చదవాలి. పొద అంచున పచ్చిమట్టి పక్కకు పడి, అడుగున ముట్టె పట్టేంత సన్నబడిన గరాటు గుంట కనబడితే రాత్రి ఎవరో వచ్చి వెళ్లినట్టే. కుందేలు గుంట దీనికంటే వెడల్పు, అంత లోతుండదు, దగ్గర్లో పెంటికలు ఉంటాయి. క్రాన్‌బర్న్ తోట దారుల పక్కన ఇసుక నేలలో ఈ రెండిటినీ పోల్చి చూసుకోవచ్చు.